పెర్న్‌కాఫ్ అట్లాస్ బొమ్మలు వాడొచ్చా?

ఎముకలగూడు: మా సీనియర్ సార్ నరాల ఆపరేషన్‌కి ముందు ఒక పీడీఎఫ్ తిరగేస్తుంటారు. అడిగితే నాకూ పంపారు. నీటిరంగుల బొమ్మలు. సన్నపొర తీస్తే కండరం, కండరం తీస్తే నరం, అంత స్పష్టంగా ఉన్నాయి. ఎవరు వేశారా అని వెతికితే పెర్న్‌కాఫ్ అట్లాస్ అనే శరీర నిర్మాణ బొమ్మల పుస్తకం అని తేలింది. వియన్నాలో 1937లో మొదటి సంపుటం వచ్చింది. ఎడ్వర్డ్ పెర్న్‌కాఫ్ నాజీ, 1938లో వైద్య విభాగం డీన్. నాజీలు మరణశిక్ష అమలు చేసిన కనీసం 1,377 మంది శవాలు అతని సంస్థకు చేరాయని 1998లో వియన్నా యూనివర్సిటీ విచారణ చెప్పింది. హిట్లర్‌ని ఎదిరించినవాళ్లు వాళ్లలో ఎందరో. ఈ బొమ్మల్లో కొన్ని ఆ శవాల్ని కోసి చూసి వేసినవై ఉండొచ్చట. అప్పట్నుంచి ఆ ఫైల్ తెరవబుద్ధి కావట్లేదు. రేపు పోస్టింగ్‌లో అవసరమైతే?

కుంచెవాడు: నేను డాక్టర్ని కాదు, బొమ్మలు వేస్తాను. పనితనం అద్భుతం, ఒప్పుకుంటా. కానీ ఎరిక్ లెపియర్ అనే చిత్రకారుడు తన సంతకంలోనే స్వస్తిక్ గీశాడు. మన గుమ్మం మీద వేసేది కాదు, నాజీలది. తర్వాతి ఎడిషన్లలో దాన్ని చెరిపేసి అచ్చేశారు. నన్నడిగితే ఆ చెరపడమే రెండో నేరం. నేనైతే ముట్టను.

కత్తి_సూది: తమ్ముడూ, చేయి కోసి తెరిచాక నరం దొరక్కపోతే వచ్చే టెన్షన్ నీకు తెలియదు. ఫోటో చూసుకోవచ్చుగా అంటావేమో. ఫార్మలిన్‌లో ఉన్న శవంలో నరం, కొవ్వు, రక్తనాళం అన్నీ ఒకే మట్టిరంగు. ఏది వదిలేయాలో, ఏది పసుపులో, ఏది ఎరుపులో చూపాలో తెలిసిన చేయి గీస్తేనే దారి కనిపిస్తుంది. యూదు మతగురువు (రబ్బీ) జోసెఫ్ పొలాక్ స్వయంగా హోలోకాస్ట్, అంటే నాజీలు చేసిన యూదుల ఊచకోత నుంచి బతికి బయటపడ్డాయన. ప్రాణం కాపాడటానికైతే వాడొచ్చు, కానీ ఆ బొమ్మలేమిటో అందరికీ తెలియాలి అని 2017లో రాశారు. ఆయనకంటే మనం పట్టింపుగా ఉండాలా?

కుంచెవాడు: 'అందరికీ తెలియాలి' అనే షరతు దగ్గరే కదండీ చిక్కు. వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌కి ఆ కథ ఎవరు అతికిస్తారు? మొదటి పేజీలు ఉన్నాయా అసలు, ఎముకలగూడు?

ఎముకలగూడు: ఇప్పుడే చూశాను. లేవు. 40వ పేజీ నుంచి మొదలైంది. సార్‌ని కూడా అడిగాను. 'పాత జర్మన్ పుస్తకం అనుకున్నానయ్యా' అన్నారు.