అప్‌డేట్: లేజర్ డ్యామేజ్ థ్రెషోల్డ్ ప్రతిసారీ ఎందుకు మారుతోందో తేలింది
ముందు అడిగింది ఇదీ: 1064 నానోమీటర్ల లేజర్‌కు వాడే ఏఆర్ (ప్రతిబింబాన్ని తగ్గించే) కోటింగ్‌పై 1-ఆన్-1 టెస్టు (ఒక్కో చోట ఒక్క పల్సే వేసి చూడటం) చేసి, డ్యామేజ్ శాతాల గీతను సున్నా దాకా పొడిగిస్తే థ్రెషోల్డ్ (దెబ్బ మొదలయ్యే స్థాయి) నిలకడగా రావడం లేదు. జవాబిచ్చినవారికి కృతజ్ఞతలు.

అసలు లోపం సైట్ల (పల్స్ వేసి చూసే చోట్ల) సంఖ్యలో ఉంది. ఒక్కో ఫ్లూయెన్స్‌కు (చదరపు సెంటీమీటరుపై పడే పల్స్ ఎనర్జీకి) 10 సైట్లే తీసుకుంటే, ఒక్కటీ దెబ్బతినకపోయినా 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది డ్యామేజ్ సంభావ్యత 26 శాతం లోపని మాత్రమే. 50 సైట్లకు అది 6 శాతానికి దిగుతుంది. పైగా ఆ గీతను గీసే మామూలు లీస్ట్ స్క్వేర్స్ పద్ధతి ఈ అనిశ్చితిని పట్టించుకోదు. అందుకే శాతాలు వదిలేసి, ప్రతి సైటు ఫలితాన్ని (దెబ్బతింటే 1, లేకపోతే 0) ఆ పల్స్‌కు కొలిచిన ఎనర్జీతో జతచేసి, మాగ్జిమమ్ లైక్లీహుడ్‌తో (వచ్చిన ఫలితాలకు అత్యధిక సంభావ్యతనిచ్చే గీతను ఎంచుకునే పద్ధతితో) ఫిట్ చేయాలి. ఇప్పుడు థ్రెషోల్డ్‌తో పాటు దాని హద్దులూ వస్తున్నాయి.

ఇంకో పొరపాటు: గాసియన్ బీమ్‌కు (మధ్యలో తీవ్రత ఎక్కువై అంచులకు తగ్గే బీమ్‌కు) పీక్ ఫ్లూయెన్స్ సగటుకు రెట్టింపు. 1/ఇ² వ్యాసార్థం (తీవ్రత మధ్యలో ఉన్నదానిలో సుమారు 13.5 శాతానికి పడే దూరం) 100 మైక్రాన్లు, ఎనర్జీ 1 మిల్లీజౌల్ అయితే చదరపు సెంటీమీటరుకు 6.4 జౌళ్లు, 3.2 కాదు.

స్పాట్ సైజు రాయకుండా థ్రెషోల్డ్ మాత్రమే ఇవ్వకండి. చిన్న స్పాట్ అరుదైన లోపాలను తప్పించుకుని, కోటింగ్‌ను ఉన్నదానికన్నా గట్టిగా చూపిస్తుంది.