కాన్ఫరెన్సులో టాక్ ఇవ్వాలంటే ప్రపోజల్ ఎలా రాయాలి?

నమస్కారం. మాది అనంతపురం. ఆరేళ్లుగా వెబ్ డెవలపర్‌ని, ఇంటి నుంచే పని. ఏడాదికి రెండు మూడు సార్లు బెంగళూరులో కాన్ఫరెన్సులకు పోతుంటాను. 44వ నంబరు హైవే మీద రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. తెల్లవారుజామున బస్సెక్కినా మొదటి టాక్ సగం అయిపోయి ఉంటుంది.

మొదట్లో ప్రతి టాక్‌కీ నోట్సు రాసుకునేవాణ్ణి. దండగ, వీడియోలు తర్వాత ఎలాగూ వస్తాయి. అసలు సరుకంతా టీ దగ్గరే. ఇప్పటి నా ఉద్యోగం భోజనాల క్యూలో పక్కనున్నాయన చెప్పగా వచ్చిందే.

ఈసారి నేనే మాట్లాడదామని ఉంది. విషయం, వెబ్ ఫారాల్లో తెలుగు. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం. వెబ్ పేజీల్లో వాడే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్‌లో లెంగ్త్ (పొడవు) అడిగితే 6 అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. అందుకే 20 అక్షరాలే అని హద్దు పెట్టిన ఫారం తెలుగు పేరును సగంలో కోసేస్తుంది. చిన్న విషయమే అనిపిస్తుంది, మన పేరు తెగేదాకా!

రెండుసార్లు ప్రపోజల్ పంపాను. రెండుసార్లూ వద్దన్నారు, కారణం చెప్పలేదు.

టాకులు ఇచ్చినవాళ్లు చెప్పండి. ఈ ఉదాహరణతోనే మొదలుపెట్టాలా, లేక ఇంటిల్ సెగ్మెంటర్ (Intl.Segmenter, మనం అక్షరం అనుకునేదాన్ని ఒక్కటిగానే విడదీసే జావాస్క్రిప్ట్ సాధనం) లాంటి పరిష్కారాన్ని ముందు చెప్పాలా? ఇంగ్లీషులో అరగంట మాట్లాడాలంటే టెన్షన్ కూడా. కర్నూలు, కడప వైపు ఎవరైనా ఒకసారి రిహార్సల్ విని తప్పులు చెప్పగలరా? టీ ఖర్చు నాదే.