అప్‌డేట్: తక్కువ కొటేషన్ ఎందుకు వద్దనుకున్నామంటే

బాత్రూమ్ రెనొవేషన్‌కి వచ్చిన మూడు కొటేషన్లలో ఒకటి మరీ తక్కువగా ఉంది, నమ్మొచ్చా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే పనులవారీగా విడగొట్టి రాసివ్వమన్నాను. గుట్టు అక్కడే బయటపడింది. తక్కువ రేటాయన వాటర్‌ప్రూఫింగ్, పాత టైల్స్ పగలగొట్టి చెత్త ఎత్తించడం లెక్కలోనే వేయలేదు. పని మధ్యలో అవన్నీ ‘ఎక్స్‌ట్రా’లుగా వచ్చి కూర్చునేవి.

మధ్య రేటాయనకి ఖాయం చేశాం. ఆయన చేసి రెండేళ్లయిన బాత్రూమ్ చూశాకే. కొత్తగా చేసింది ఎవరిదైనా మెరుస్తుంది, చూడాల్సింది పాతదే. నాణెంతో టైల్స్ తట్టితే ఎక్కడా డొల్ల చప్పుడు రాలేదు, బకెట్ నీళ్లు గుమ్మరిస్తే మూలల్లో నిలవకుండా జాలీ వైపు పోయాయి.

ఒప్పందంలో వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు, గోడ మీదకు 30 సెం.మీ. వరకు, షవర్ దగ్గర తల ఎత్తు దాకా అని రాయించాం. టైల్స్ వేసేముందు 48 గంటలు నీళ్లు నిలిపి, కింద శ్లాబ్‌కి చెమ్మ దిగిందేమో చూడాలి. పైపులు గోడలో మూసేముందు ప్రెషర్ టెస్ట్, అంటే ఒత్తిడితో నీళ్లు నింపి లీకులున్నాయేమో చూడటం. అడ్వాన్స్ 10 శాతం, మిగతాది ఏ దశ పూర్తయితే ఆ దశకి. చివరి 10 శాతం మాత్రం నెల వాడి చూశాకే. దీనికే కాస్త నసిగారు, చివరికి సంతకం పెట్టారు.