జీఎస్టీ లాగిన్ ఎవరి చేతిలో ఉండాలి: కొట్టు యజమాని దగ్గరా, ఆడిటర్ ఆఫీసులోనా?

తెనాలి బట్టలకొట్టు

జీఎస్టీ పోర్టల్ యూజర్ నేమ్, పాస్‌వర్డ్, ఓటీపీ వచ్చే ఫోన్ నంబరు ఆడిటర్ ఆఫీసు దగ్గరే ఉండటం మన ఊళ్ళలో మామూలైపోయింది. ఇది సరైన పద్ధతేనా? అందరి అభిప్రాయమూ కావాలి.

మా ఆఫీసు పని చేయదని నేననడం లేదు. 2025 సెప్టెంబర్ 22న రేట్లు మారినప్పుడు వాళ్ళే మమ్మల్ని గట్టెక్కించారు. అంతకుముందు రెడీమేడ్ వెయ్యి రూపాయల దాకా 5 శాతం, దాటితే 12. ఇప్పుడు 2,500 దాకా 5, దాటితే ఏకంగా 18. మా దగ్గర పెళ్ళిళ్ళ సీజన్ సరుకంతా ఆ 2,500కు అటూ ఇటూ ఉండేదే. పన్ను కలపకముందు 2,700 ఉన్న డ్రెస్సును తగ్గించి 2,450కి అమ్మితే 5 శాతమే పడుతుందని, లెక్కలోకి వచ్చేది అమ్మిన ధరేనని వాళ్ళు చెప్తేనే తెలిసింది. చీర బట్ట కింద వస్తుంది కాబట్టి పదివేల పట్టుచీరకైనా 5 శాతమే. ఆఫీసు నుంచి ఒక కుర్రాడు వచ్చి, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క ఐటెమ్ మార్చి, కౌంటర్లో అమ్మాయిలకు నేర్పి వెళ్ళాడు.

ఆ పని జరుగుతుండగానే ఇంకొకటి బయటపడింది. మా జీఎస్టీ నంబరుకు ఇచ్చిన మెయిల్ ఐడీ ఆఫీసుది. ఫోన్ నంబరు అక్కడ ఎప్పుడో పని మానేసిన మనిషిది. పాత సంవత్సరం లెక్కల మీద ఒక నోటీసు పోర్టల్లో పడి, జవాబు గడువు కూడా దాటిపోయింది. అడిగితే "మేం చూసుకుంటాం, మీరు కంగారుపడకండి" అన్నారు. పన్ను కట్టమని ఆర్డరొస్తే కట్టాల్సింది నేనే కదా!

విజయవాడ అకౌంట్స్

అన్నా, నేను ఆడిటర్ ఆఫీసులోనే పనిచేస్తాను. మా వైపు కూడా వినండి.

2017లో వ్యాట్ నుంచి జీఎస్టీలోకి మార్చేటప్పుడు చాలామంది షాపుల వాళ్ళకు మెయిల్ ఐడీయే లేదు. "మీ నంబరే పెట్టేయండి, మాకీ గోలంతా ఎందుకు" అన్నది వాళ్ళే. అట్లా మొదలైంది, మేం లాక్కున్నది కాదు.

ఇప్పటి సంగతి చెప్తాను. ప్రతి నెలా 11కు అమ్మకాల బిల్లులు చూపే రిటర్ను జీఎస్టీఆర్-1, 20కి పన్ను కట్టే రిటర్ను 3బి. కొన్న సరుకు బిల్లులు 18న రాత్రి వాట్సాప్‌లో ఫొటోలు తీసి పంపేవాళ్ళున్నారు, 20న మధ్యాహ్నం పంపేవాళ్ళూ ఉన్నారు. ఆ రోజు పోర్టల్ నత్తనడక. రిటర్ను తయారుచేసి ఓటీపీ కోసం ఫోన్ చేస్తే యజమాని సరుకు కొనడానికి సూరత్‌లో ఉంటాడు, ఎత్తడు. గడువు దాటితే రోజుకు 50 రూపాయల లేటు ఫీజు, పన్ను మీద 18 శాతం వడ్డీ. అప్పుడు తిట్లు ఎవరికి? వందల మంది క్లయింట్లకు ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి ఓటీపీ అడుక్కుంటూ కూర్చుంటే అసలు పని ఎవరు చేస్తారు? నంబరు మా దగ్గర ఉండబట్టే చిన్న ఫీజుకు పని జరుగుతోంది.

కరీంనగర్ కిరాణం

నేను కూడా విజయవాడ అన్న దిక్కే. మాది కంపోజిషన్, అంటే చిన్న దుకాణాలోళ్ళు మొత్తం అమ్మకం మీద ఇంత శాతం అని కట్టే పద్ధతి. మా తెలంగాణల సరుకులు అమ్మేటోళ్ళకు టర్నోవర్ 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తీసుకోవాలె, ఆంధ్రలనైతే 40 దాకా అక్కర్లేదు. అందుకే మాలాంటి చిన్న దుకాణాలు కూడా జీఎస్టీలకొచ్చినయి. అమ్మకం మీద 1 శాతం, మూడు నెలలకోసారి పన్ను కట్టే ఫారం సీఎంపీ-08, ఏడాదికోసారి రిటర్ను జీఎస్టీఆర్-4, గంతే. నేను పొద్దున ఆరింటికి షట్టర్ లేపితే రాత్రి పదింటికి దించుతా. పాస్‌వర్డ్ నా చేతికిచ్చినా నేనేం చూస్త? సబ్బులు, పేస్టు 18 నుంచి 5కు తగ్గినయి, నెయ్యి 12 నుంచి 5కు తగ్గింది, పాత స్టాకు ఎట్ల అమ్మాలె అని అడిగితే పది నిమిషాల్ల చెప్పిండు మా సార్. నాకు నమ్మకం ఉన్నది.

హైదరాబాద్ సీఏ

నేను ఇదే వృత్తిలో ఉండి చెప్తున్నాను. ఓటీపీ వచ్చే నంబరు వ్యాపారిదే ఉండాలి. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఆ ఓటీపీ అంటే మీ సంతకం. దాంతో రిటర్ను ఫైల్ అయితే అందులోని ప్రతి అంకెకూ చట్టం దృష్టిలో మీరే బాధ్యులు. వేరేవాళ్ళ చేతికివ్వడమంటే ఖాళీ చెక్కుల మీద సంతకాలు పెట్టి పుస్తకమంతా ఇచ్చేసినట్టే.

ఇక నోటీసుల సంగతి. జీఎస్టీ చట్టం 169వ సెక్షన్ ప్రకారం పోర్టల్లో పెట్టడం కూడా నోటీసు అందజేసే పద్ధతుల్లో ఒకటి. పోస్టులో కాగితం వస్తుందని ఎదురుచూస్తే రాకపోవచ్చు. సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును మీ పన్నులోంచి తగ్గించుకోవడమే ఇన్‌పుట్ క్రెడిట్. మీకు అమ్మినవాళ్ళు చూపిన బిల్లులతో పోర్టల్ తయారుచేసే జాబితా 2బి. అందులో కనిపించినదానికంటే మీరు 3బిలో ఎక్కువ క్రెడిట్ తీసుకుంటే, ఆ తేడా ఎందుకని అడిగే డీఆర్‌సీ-01సి రావచ్చు. దానికి గడువు ఏడు రోజులు. డబ్బు కట్టకుండా, జవాబూ ఇవ్వకుండా వదిలేస్తే తర్వాతి జీఎస్టీఆర్-1 ఆగిపోతుంది. అది ఆగితే మీ దగ్గర కొన్నవాళ్ళకు క్రెడిట్ రాదు, వాళ్ళు ఇంకో కొట్టు చూసుకుంటారు. ఆర్డరే వచ్చేస్తే అప్పీలుకు మూడు నెలలు, తగిన కారణం చూపిస్తే ఇంకో నెల. అదీ వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం ముందు కట్టి. ఈ గడువులన్నీ ఆఫీసులో ఎవరో మెయిల్ తెరిచే దాకా ఆగవు.

తెనాలి గారూ, గడువు దాటిన ఆ నోటీసు ఏ ఫారమో ముందు చూడండి. ఇంకా ఆర్డరు రాకపోతే ఆలస్యమైనా సరే వెంటనే జవాబు అప్‌లోడ్ చేసి, విచారణకు సమయం అడగండి. ఆర్డరు వచ్చి ఉంటే దాని తేదీ నుంచి లెక్కపెట్టుకోండి.

అనంతపురం సిమెంటు

సీఏ గారు చెప్పింది నిజం. నా అనుభవంతో ఒకటి కలుపుతాను. సిమెంటు 28 నుంచి 18కి తగ్గినప్పుడు మా గోడౌన్లో ఉన్న సరుకంతా 28 కట్టి కొన్నది. అమ్మేది 18 వేసి. మిగిలిన క్రెడిట్ పోర్టల్లో మన ఖాతా, అదే లెడ్జర్లో కూర్చుంది. రేటు తగ్గినందువల్ల మిగిలిన క్రెడిట్‌కు రీఫండ్ రాదు, రాబోయే అమ్మకాల మీద సర్దుకోవాల్సిందేనని ఆఫీసు వాళ్ళు చెప్పారు. నేను రోజూ లెడ్జర్ తెరిచి ఎంత మిగిలిందో చూసుకుని, దాన్నిబట్టే కొత్త లోడు ఎప్పుడు దించాలో అనుకున్నాను. లాగిన్ నా దగ్గర లేకపోతే ఆ అంకె కోసం రోజూ ఫోన్ చేయాలి. పాస్‌వర్డంటే నోటీసుల కోసమే అనుకోవద్దు, అందులో ఉన్నది మన డబ్బు. 2022 జనవరి నుంచి, మనకు సరుకు అమ్మినవాడు తన రిటర్నులో మన బిల్లు చూపించకపోతే క్రెడిట్ రాదు. ఎవరు చూపలేదో 2బిలో నేనే చూసి, తర్వాతి లోడుకు డబ్బు పంపేముందే అడుగుతాను. ఆడిటర్ అడిగితే సప్లయర్ పట్టించుకోడు, కొనేవాడు అడిగితే ఆ సాయంత్రానికే ఎక్కిస్తాడు.

కరీంనగర్ కిరాణం

మీవి పెద్ద వ్యాపారాలన్నా. మా కంపోజిషన్‌ల క్రెడిటే లేదు, ఏం చూస్త నేను?

రాజమండ్రి పచ్చళ్ళు

తమ్ముడూ, కంపోజిషన్ వాళ్ళకు నోటీసు రాదనుకోకు. 2025 జులైలో బెంగళూరులో చిన్నచిన్న కొట్ల వాళ్ళకు యూపీఐ లెక్కలు చూసి నోటీసులిచ్చారు. భయపడి క్యూఆర్ కోడ్ పీకేసి నగదే తీసుకున్నవాళ్ళున్నారు. నీ దుకాణంలో స్కానర్ ఉంది కదా? దానిలో పడిన మొత్తానికీ, సీఎంపీ-08లో చూపిన మొత్తానికీ తేడా ఉంటే అడగరా?

నేను ఇంట్లో మొదలుపెట్టిన పని ఇది, ఇప్పుడు నలుగురు ఆడవాళ్ళు నాతో పనిచేస్తున్నారు. బెంగళూరు, చెన్నై అంటూ వేరే రాష్ట్రాలకు పంపిస్తాం కాబట్టి కంపోజిషన్ కుదరదు, మామూలు జీఎస్టీలోనే మూడు నెలలకోసారి రిటర్ను వేసే పద్ధతిలో ఉన్నాను. పచ్చళ్ళు 12 నుంచి 5కు వచ్చాయి, జాడీలకు మాత్రం 18 కడుతున్నాం. ఆ తేడాకు రీఫండ్ అడగొచ్చని మా ఆఫీసులో అమ్మాయే చెప్పింది. అలాంటి మాట నాకు నేనుగా తెలుసుకోలేను, ఆ ఫీజు నేను సంతోషంగా ఇస్తాను. కానీ నంబరు నాదే. సోమవారం పొద్దున పోర్టల్ తెరిచి నోటీసుల పేజీ చూస్తాను. కొత్తగా ఏదైనా ఉంటే స్క్రీన్‌షాట్ తీసి ఆ అమ్మాయికి పంపుతాను. అర్థం చేసుకోవడం ఆవిడ పని, వచ్చిందని తెలుసుకోవడం నా పని.

విజయవాడ అకౌంట్స్

అక్కా, మీలాంటి క్లయింట్లు అందరూ ఉంటే నాకు గొడవే లేదు. ఫోన్ ఎత్తనివాళ్ళ సంగతి చెప్పండి.

హైదరాబాద్ సీఏ

తమ్ముడూ, దానికీ దారి ఉంది. వ్యాపారి తన లాగిన్‌లోంచి ఒక జీఎస్టీ ప్రాక్టీషనర్‌ను, అంటే రిటర్నులు వేసిపెట్టేందుకు పోర్టల్లో నమోదైన మనిషిని, ఎంచుకుని పని అప్పగించవచ్చు, ఫారం పీసీటీ-05. ప్రాక్టీషనర్ తన సొంత లాగిన్‌తో రిటర్ను తయారుచేస్తారు. వ్యాపారి వద్దనుకుంటే అదే చోట తీసేయవచ్చు. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పక్కర్లేదు, చివరి ఓటీపీ ఒక్కటే యజమానిది.

ఫోన్ ఎత్తనివాళ్ళ కోసం మీ తేదీ ముందుకు జరపండి. 15కల్లా బిల్లులు ఇవ్వనివాళ్ళ రిటర్ను ఆలస్యమైతే బాధ్యత మాది కాదని పని ఒప్పుకునేటప్పుడే రాసివ్వండి. యజమాని ఊళ్ళో లేకపోతే ఇంట్లోనో కొట్లోనో నమ్మకమైన మనిషిని రెండో సంతకందారుగా చేర్చుకోవచ్చు. ఫీజు తక్కువ కాబట్టి నంబరు మా దగ్గరే ఉంచుకుంటాం అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. ఫీజు చాలకపోతే పెంచండి, ఎందుకు పెంచారో చెప్పండి.

తెనాలి బట్టలకొట్టు

సార్, పాస్‌వర్డ్ అడిగితే ఆఫీసు వాళ్ళు రేపు మాపు అంటున్నారు. ఓటీపీ వెళ్ళే నంబరు ఎవరిదో చెప్పాను కదా. ఇప్పుడెలా?

హైదరాబాద్ సీఏ

వాళ్ళ మీద ఆధారపడక్కర్లేదు. మీ ఏరియా జీఎస్టీ అధికారి దగ్గరకు వెళ్ళండి. యజమాని మీరేనని చూపే కాగితాలు, కొట్టు కాగితాలు, మీ సొంత ఫోన్ నంబరు, మీ సొంత మెయిల్ ఐడీ తీసుకెళ్ళండి. ఆయన సరిచూసి వివరాలు మారుస్తారు. కొత్త మెయిల్‌కు యూజర్ నేమ్, తాత్కాలిక పాస్‌వర్డ్ వస్తాయి. మొదటిసారి లాగిన్ అయ్యేవాళ్ళ లింకులోంచి వెళ్ళి మార్చుకోండి. ఆఫీసును మానేయాల్సిన పని లేదు. లాగిన్ తెరుచుకోగానే నోటీసులు, అదనపు నోటీసులు రెండూ తెరిచి అన్నీ డౌన్‌లోడ్ చేయండి.

విజయవాడ అకౌంట్స్

తెనాలి అన్నా, అధికారి దగ్గరకు వెళ్ళేముందు మీ ఆఫీసు వాళ్ళకు ఒక్క మాట రాతపూర్వకంగా చెప్పండి. ఈ నెల రిటర్ను సగంలో ఉండి వివరాలు మారితే వాళ్ళు ఫైల్ చేయలేరు, లేటు ఫీజు మీకే పడుతుంది. 20 దాటాక వెళ్ళండి. ఆర్డరు వచ్చిన కేసైతే మాత్రం ఆగొద్దు, రేపే వెళ్ళండి.

కరీంనగర్ కిరాణం

సీఏ సార్, కంపోజిషన్‌ల ఉన్నోళ్ళు కూడా ఆ ప్రాక్టీషనర్ పద్ధతి పెట్టుకోవచ్చా? మా సార్‌నే పెట్టుకుంట, కానీ నంబరు నా బిడ్డది ఇస్త. డిగ్రీ చదువుతున్నది, ఫోన్ ఎప్పుడూ చేతిలనే ఉంటది.

హైదరాబాద్ సీఏ

పెట్టుకోవచ్చు. అమ్మాయిని సంతకందారుగా చేర్చండి, మీ నంబరు కూడా ఉంచండి. క్యూఆర్‌లో పడిన నెలవారీ మొత్తాన్ని అమ్మాయితోనే ఒక పుస్తకంలో రాయించండి. సీఎంపీ-08 గడువు త్రైమాసికం అయ్యాక 18. ఆ వారం మీ సార్‌తో కూర్చుని రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడమనండి.