సమస్య (ఈ పాదం చివర వచ్చేటట్టు తక్కిన మూడు పాదాలు రాయాలె; కవులను వాళ్ల ఊరి పేర్లతోనే పిలుస్తున్నం): “యోగ్యుఁ డనఁగఁ దగు సుయోధనుండు”

హన్మకొండ (నిర్వహణ): ఆటవెలది నాలుగో పాదం. అయిదూ సూర్యగణాలే (గురువు, లఘువు గాని, మూడు లఘువులు గాని): యోగ్యు, డనఁగ, దగు సు, యోధ, నుండు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతోటి నడుమ కుదరాల్సిన అక్షరం, యో–యో. దుర్యోధనుడి పక్షాన ఒక్క న్యాయమైన మాట పట్టుకురావాలె. ఊరికే పొగిడితే లెక్కకు రాదు.

పరకాల:
కులము నడుగువారి గుంపులోఁ గర్ణుని
నంగరాజుఁ జేసె నాదరమున
నదికి శూరునకును నడుగరు పుట్టువు
యోగ్యుఁ డనఁగఁ దగు సుయోధనుండు

హన్మకొండ: ఎత్తుగడ మంచిగున్నది. మూడో పాదంల యతి పోయింది. ‘శూరునకును’ తర్వాత ‘అడుగరు’ కలిస్తే వచ్చిన నకారం ద్రుతం (సంధిల చేరే న్). అక్కడ యతి అకారానికే చెల్లుతది, ‘నదికి’లోని న తోటి కుదరదు. రెండో పాదం ‘నంగ–నాద’ నిలుస్తది, రెండుచోట్లా లోపలున్నవి అ, ఆలే గనుక.

పరకాల: ‘పుట్టు వడుగరాదు పోటరి కేటికి’ అంటే?

జనగామ: పు–పో చెల్లింది. పోటరి అంటే శూరుడే. ‘ఏటికి’ రెండు తీర్ల పలుకుతున్నది: నదికి, ఎందుకు అని. భారతంల భీముడికి దుర్యోధనుడిచ్చిన జవాబు గిదే, శూరుల పుట్టుక, నదుల పుట్టుక తెలియరానివని. అసలు ఆనాడు కర్ణుడి వంశం ముందుగా అడిగింది కృపుడు. ఆయననేమో రెల్లుగడ్డిల పుట్టిండు!

నర్సంపేట:
పందె మాడి గెలిచి పగఁ దీర్చుకొనఁ బూని
నిండుకొలువులోన నీతి విడిచి
తొడను జూపి సతికి దుష్టుఁడై నవ్వె న
యోగ్యుఁ డనఁగఁ దగు సుయోధనుండు

హన్మకొండ: నవ్వెన్ + అయోగ్యుఁడు! అకారాన్ని పై పాదంలకు జరిపి తప్పించుకున్నరు. పాత ఉపాయమే, ఛందస్సుకు అడ్డులేదు. కాని అడిగింది ఆయన పక్షం గదా అన్నా.

నర్సంపేట: ద్రౌపది మాటొస్తే నాకు ఆయన పక్షం నోట రాదు.

ములుగు:
నాభి దిగువఁ గొట్ట నాయమా గదపోర
హలము నెత్తె రాముఁ డాగ్రహించి
ఆట కట్టుబాట్ల నడిగి పడినవాఁడు
యోగ్యుఁ డనఁగఁ దగు సుయోధనుండు

పరకాల: రాముఁడంటే అయోధ్య రాముడనుకోరా?

జనగామ: నాగలి చేతులున్నంక బలరాముడే. హ–ఆ యతి సరైందే. మొదటి పాదం గట్టిది, గదాయుద్ధంల నాభి కింద కొట్టొద్దన్న నియమం మీదనే బలరాముడు లేచిండు. మూడో పాదంలనే వరుస తప్పింది. అడిగి పడలే, తొడ విరిగి పడ్డంక కృష్ణుణ్ణి నిలదీసిండు. ‘నడిగెఁ బడియుఁ గాన’ అని మార్చుండ్రి. చివరి రెండు గణాలు నల (నాలుగు లఘువులు), సల (రెండు లఘువులు, గురువు, లఘువు) అయితయి, యతి కదలదు, ‘కాన’ తోటి నాలుగో పాదానికి కారణం దొరుకుతది.

ములుగు: మార్చిన. ‘ఆట కట్టుబాట్ల నడిగెఁ బడియుఁ గాన.’