'కోరో' అనే పేరు దగ్గర చిక్కుకుపోయాను, సాయం చేయగలరా?

భాషల గురించి తెలుగులో నోట్స్ రాసుకుంటున్నాను. అరుణాచల్ ప్రదేశ్‌లోని తూర్పు కామెంగ్ జిల్లాలో మాట్లాడే కోరో భాష గురించి 2010లో బయటి ప్రపంచానికి తెలిసిందని చదివి, ఆత్రంగా వెతకడం మొదలుపెట్టాను. తీరా చూస్తే పాపువా న్యూగినీలోని మానస్ దీవిలో ఒక కోరో భాష, వనువాటులో ఇంకొకటి ఉన్నాయి! ఫిజీలో కోరో దీవి, మాలీలో కోరో పట్టణం. ఒకదాని వివరాలు ఇంకొకదాని కింద రాసేస్తానేమోనని టెన్షన్‌గా ఉంది. తక్కువమంది మాట్లాడే భాషల విషయంలో అలాంటి తప్పు చేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఫిజీ భాషలో 'కోరో' అంటే ఊరు, న్యూజిలాండ్ మూలవాసుల మావోరీ భాషలో తాత లేదా పెద్దాయన. ఫిజీలోని దీవి పేరు ఊరు అనే మాటనుంచే వచ్చిందా?

మరో సందేహం. మనకు ఒ, ఓ వేరువేరు కదా. అరుణాచల్ భాష పేరును అక్కడివాళ్లు కొరొ అంటారా, కోరో అంటారా? స్వయంగా విన్నవాళ్లుంటే దయచేసి చెప్పండి.