ఉప్పుడు మిల్లు నీళ్లతో కరెంటు: మొదటి రోజు 0.95 వోల్టులు, ఐదో రోజుకి 0.40

వడ్లనీళ్లు:
ఉప్పుడు బియ్యం మిల్లులో వడ్లు నానబెట్టి వదిలేసే నీళ్లతో మైక్రోబియల్ ఫ్యూయల్ సెల్ (బ్యాక్టీరియా మురికిని తిని కరెంటు ఇచ్చే సెల్) కట్టాను. మూతున్న డ్రమ్ములో 20 లీటర్ల నీళ్లు, సీఓడీ (నీళ్లలోని మురికిని ఆక్సిజన్ లెక్కలో చెప్పే కొలత) లీటరుకు 4 గ్రాములు, పీహెచ్ 4.6. మధ్యలో మట్టికుండ, దాని చుట్టూ కార్బన్ ఫెల్ట్ యానోడ్. కుండలో నల్లా నీళ్లు, అందులో ఇంకో ఫెల్ట్ క్యాథోడ్. రెండిటికీ జీఐ తీగ గుచ్చాను, క్యాథోడ్ అతుకు మాత్రం నీటి పైన ఉంది. పోసిన రోజే 0.95 వోల్టులు చూపించింది, ఐదో రోజుకి 0.40. 100 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 0.02. పేడ కలిపింది చాల్లేదా? ఇలాంటివి ఎన్ని కలిపితే ఒక బల్బు వెలుగుతుంది?

కుండపెంకు:
పేడ సంగతి తర్వాత. పోసిన రోజే 0.95 అంటే అది బ్యాక్టీరియా ఇచ్చింది కాదండీ, జీఐ తీగ మీది జింకు. పుల్లటి నీళ్లలో జింకు కరుగుతూ బ్యాటరీలా పనిచేసింది, పూత పోయేకొద్దీ వోల్టేజీ దిగింది. నమ్మకం లేకపోతే బకెట్లో ఉప్పునీళ్లు పోసి, ఒకవైపు ఆ తీగ, ఇంకోవైపు ఫెల్ట్ ముంచి మీటర్ పెట్టి చూడండి. సూక్ష్మజీవులు ఫెల్ట్ మీద పొర కట్టడానికి రెండు మూడు వారాలు పడుతుంది, వోల్టేజీ మెల్లగా ఎక్కాలి. రాగి తీగ కూడా వద్దు, అది కరిగితే వాటికి విషం. 316 స్టీలు తీగ గానీ టైటానియం తీగ గానీ వాడి, అతుకు నీటి పైన ఉంచండి.

తార్నాక_ల్యాబ్:
లెక్క చూడండి: 0.02 వోల్టులు, 100 ఓమ్‌లు, అంటే 0.2 మిల్లీఆంపియర్లు. మిగతా 0.38 వోల్టులు లోపలే పోతున్నాయి, అంటే లోపలి నిరోధం దాదాపు 1900 ఓమ్‌లు. అసలు దొంగ క్యాథోడ్. నల్లా నీళ్లలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు 8 మిల్లీగ్రాములు మించదు, కాసేపటికే అయిపోతుంది. కుండలో నీళ్లు తీసేయండి. స్టీలు జాలీ మీద యాక్టివేటెడ్ కార్బన్ పూసి, తడిగా ఉన్న లోపలి గోడకి గట్టిగా ఆనించండి, పైన గాలి ఆడాలి. కుండ గోడ 3 నుంచి 5 మిల్లీమీటర్లు చాలు, మెరుపు పూత ఉండకూడదు.

పీహెచ్ 4.6 దగ్గర కరెంటిచ్చే బ్యాక్టీరియా సరిగ్గా బతకదు. వంటసోడా లీటరుకు 2 గ్రాములతో మొదలుపెట్టి, మళ్లీ కొలుస్తూ 7 దాకా తీసుకురండి. నీటి వాహకత కూడా పెరుగుతుంది. పేడకి బదులు గాలి తగలని చోట ఊరిన నల్లబురద 2 నుంచి 4 లీటర్లు. హైదరాబాద్ అంబర్‌పేటలో 339 ఎంఎల్‌డీ (రోజుకి 33.9 కోట్ల లీటర్లు) మురుగునీటి ప్లాంటు యూఏఎస్‌బీ పద్ధతిదే (గాలి లేకుండా బురద పొర గుండా నీటిని పైకి పంపేది), అలాంటి బురద శ్రేష్ఠం, అనుమతి అడిగి తెచ్చుకోండి. రెసిస్టర్ మొదట 1000 ఓమ్‌లు, వోల్టేజీకి నిలకడ వచ్చాక 500, 200, అలా దిగండి. రెసిస్టర్ లేకుండా వదిలేస్తే తిండంతా మీథేన్ చేసే సూక్ష్మజీవులే తినేస్తాయి.

వడ్లనీళ్లు:
జింకు అని అనుకోనే లేదు! మరి బల్బు?

కుండపెంకు:
మీ 20 లీటర్లలో 80 గ్రాముల సీఓడీ. ప్రతి ఎలక్ట్రాన్ తీగలోకొచ్చినా 0.3 వోల్టుల దగ్గర 0.08 యూనిట్. పదో వంతే దక్కిందనుకుంటే 0.008, అంటే 9 వాట్ల ఎల్ఈడీకి గంట కూడా రాదు. సెల్స్ సిరీస్‌లో కలిపితే బలహీనమైనది తిరగబడి (ప్లస్, మైనస్ తారుమారై) మిగతావాటి వోల్టేజీ తినేస్తుంది. ఒక్కోదానికి విడిగా కెపాసిటర్ నింపి, ఆ కెపాసిటర్లని సిరీస్‌లో కలపండి. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

మిల్లుకి కరెంటే కావాలంటే బయోగ్యాస్ మేలు: కిలో సీఓడీకి 0.35 ఘనపు మీటర్ల మీథేన్, ఇంజన్లో దాదాపు 1.2 యూనిట్లు. బోయిన్‌పల్లి మార్కెట్ ప్లాంటు కూరగాయల చెత్తతో చేసేది అదే. ఫ్యూయల్ సెల్‌ని సీఓడీ ఎంత మిగిలిందో చెప్పే సెన్సార్‌గా వాడుకోండి.

తార్నాక_ల్యాబ్:
ఒక్కటి మర్చిపోయాను. బురద తెచ్చే డబ్బా మూత బిగించకండి, దారిలోనే గ్యాస్ చేరి ఉబ్బుతుంది. ఆరుబయటే తెరవండి.